నాబ్ చివరిదాకా తిప్పినా ఫ్యాన్ పూర్తిగా తిరగదేం?

ప్రశ్న: నా పాత క్యాబినెట్‌లో డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ చోట నాలుగు నాబ్‌ల ఫ్యాన్ కంట్రోలర్ బిగించాను. ఫ్యాన్ల డబ్బా మీద 1200 ఆర్‌పీఎం అని ఉంది. నాబ్ చివరిదాకా తిప్పినా 1050 దాటడం లేదు. నకిలీ సరుకు ఫ్యాన్లా, కంట్రోలరా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండూ అసలైనవే అయ్యుండొచ్చు. మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్‌ను గుర్తు తెచ్చుకోండి. అయిదో నంబరు మీద పెడితే అది మధ్యలోంచి తప్పుకుంటుంది, కరెంటు నేరుగా ఫ్యాన్‌కు పోతుంది. కంప్యూటర్ కంట్రోలర్లలో చాలావాటికి ఆ మర్యాద తెలియదు. నాబ్ ఎంత తిప్పినా లోపలి ట్రాన్సిస్టర్ దారిలోనే కూర్చుని ఉంటుంది, ఒకటీ ఒకటిన్నర వోల్టు తన వాటాగా మినహాయించుకుంటుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి 12 వోల్టులు బయల్దేరితే ఫ్యాన్‌కు చేరేది పదిన్నర చిల్లర. వోల్టేజీ ఏ పాళ్లలో తగ్గితే వేగమూ దాదాపు ఆ పాళ్లలోనే తగ్గుతుంది. 10.6 వోల్టులకు లెక్క వేసి చూడండి, 1060 వస్తుంది. మీ 1050కి అదే సమాధానం కావచ్చు.

కావచ్చు అంటున్నాను, కొలిచి చూడాలి కదా. మల్టీమీటర్ డీసీ 20 మీద పెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగానే కనెక్టర్ వెనకవైపు నుంచి కొలవండి. మూడు పిన్ల ఫ్యాన్‌లో ఒక చివర నల్ల తీగది నెగటివ్, మధ్యది పాజిటివ్. తీగలన్నీ నలుపే అయితే, మధ్యదాన్ని గుర్తుగా పెట్టుకోండి. రెండో చివరన ఉన్నది వేగం చెప్పే తీగ, దాని జోలికి పోవద్దు. ప్రోబులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. ఫ్యాన్ పీకేసి ఖాళీ పిన్ల మీద కొలిస్తే మాత్రం 12 చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. భారం పడ్డప్పుడే దాని అసలు బలం తెలిసేది.

తర్వాత అదే ఫ్యాన్‌ను కంట్రోలర్ లేకుండా, మోలెక్స్ అడాప్టర్‌తో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించండి. మోలెక్స్‌లో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5, నడుమ రెండు నలుపులు. కొన్ని అడాప్టర్లు చప్పుడు తగ్గించడానికని ఎరుపు నుంచే కరెంటు తీసుకుంటాయి, అలాంటిది పెట్టి పరీక్షించకండి. ఇంకొకటి: కొన్ని ఫ్యాన్ల డబ్బాలో రెసిస్టర్ దాగిన జానెడు తీగ ముక్క వస్తుంది. నేను ఒకసారి వారం రోజులు మదర్‌బోర్డును తిట్టుకున్నాక అది నేనే తగిలించి మరిచిపోయానని తేలింది. ముందు దాన్ని వెతకండి.

నేరుగా తగిలిస్తే 1200కు చేరువైందా, ఫ్యాన్ నిర్దోషి. డబ్బా మీద అంకెకు పది శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. అప్పుడూ 1050 దగ్గరే ఆగితే లోపం ఫ్యాన్‌లోనే, బేరింగు అరిగిందేమో చూడండి. వేగం తీగ ఎలాగూ మదర్‌బోర్డుకే పోవాలి, లేకపోతే అంకె కనపడదు. అందుకు విడి తీగ ఉన్న అడాప్టర్ అడిగి తీసుకోండి.

ఒక నాబ్‌కు స్ప్లిటర్‌తో రెండు మూడు ఫ్యాన్లు వేలాడదీస్తే కథ ఇంకా దిగజారుతుంది. ప్రతి ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద ఆంపియర్లు ఉంటాయి. 0.15 అని ఉంటే 12తో హెచ్చించండి, 1.8 వాట్లు. మూడు కలిపితే ఎంతయిందో, కంట్రోలర్ ఒక్కో నాబ్‌కు ఎంత మోస్తుందో సరిపోల్చుకోండి.

ఇక మందు. వెనకవైపు వేడిగాలి తోసే ఫ్యాన్‌ను కంట్రోలర్ నుంచి తప్పించి నేరుగా పెట్టేయండి, మిగతావాటికి నాబ్ ఉంచుకోండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను మాత్రం ఎప్పుడూ నాబ్‌కు అప్పగించొద్దు. అది మదర్‌బోర్డు సొత్తు, దాన్ని చూడకపోతే బోర్డు స్టార్టయ్యేటప్పుడే పేచీ పెడుతుంది. కొత్త ఫ్యాన్లు కొనే ఉద్దేశం ఉంటే నాలుగు పిన్లవి, అంటే పీడబ్ల్యూఎంవి తీసుకోండి. వాటికి 12 వోల్టులూ ఎప్పుడూ పూర్తిగానే అందుతాయి. ఎంత వేగంగా తిరగాలో నాలుగో తీగ సెకనుకు 25,000 సార్లు చిటికె వేసి చెబుతుంది. అందుకే నూరు శాతం అంటే నిజంగానే నూరు శాతం.

ప్రశ్న: నాది తలకిందుల సమస్య. పీడబ్ల్యూఎం హబ్ కొని పాత ఫ్యాన్లు అయిదూ తగిలించాను. బయాస్‌లో ఎంత తగ్గించినా అన్నీ ఎప్పుడూ ఫుల్ స్పీడే.
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: పాత ఫ్యాన్లన్నారు, మూడు పిన్లవే కదూ? హబ్ 12 వోల్టులు పూర్తిగా ఇస్తుంది, తగ్గించమనే కబురు నాలుగో పిన్ మీద పంపుతుంది. మీ ఫ్యాన్లకు ఆ చెవి లేదు. వాటిని మదర్‌బోర్డు మీది ఫ్యాన్ పిన్లకే తగిలించి, బయాస్‌లో డీసీ మోడ్ ఎంచుకోండి. అప్పుడు బోర్డే వోల్టేజీ తగ్గిస్తుంది. చాలా బోర్డుల్లో ఒక్కో హెడర్ ఒక ఆంపియర్ వరకే, అయిదూ ఒక్కదానికే కట్టొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ రాత్రిపూట ఉన్నట్టుండి మిక్సీలా అరుస్తుంది, నిమిషంలో ఊరుకుంటుంది, మళ్లీ అరుస్తుంది. ఏదో కంట్రోలర్ కొంటే పోతుందంటున్నాడు. కొనాలా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బులు ప్రస్తుతానికి దాచండి. ప్రాసెసర్ క్షణకాలం వేడెక్కినప్పుడల్లా ఫ్యాన్ ఉలిక్కిపడుతోంది. బయాస్‌లో ఫ్యాన్ సెట్టింగులు ఉంటాయి. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్ అనీ, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనీ పేర్లు. ఉష్ణోగ్రత పెరిగిన కొన్ని సెకన్ల తర్వాతే వేగం పెంచేలా అక్కడ చాలా బోర్డుల్లో పెట్టుకోవచ్చు. మీ అబ్బాయికి ఈ పేజీ చూపించండి, అరగంట పని. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, దుమ్ము కూడా దులపమనండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది.

ప్రశ్న: మా ఊరి ఎండ సంగతి మీకు తెలుసు. మే నెలలో ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడ్ పెడితే గేమ్స్ ఆడుకోవచ్చా? కూలర్ ఎదురుగా క్యాబినెట్ పెట్టమంటున్నాడు మా బావ.
— రెంటచింతల పాఠకుడు

జవాబు: ఫ్యాన్ గాలిని చల్లబరచదు, మార్చుతుంది. గదిలో 44 డిగ్రీలుంటే లోపలికి పోయేదీ 44 డిగ్రీల గాలే, గ్రాఫిక్స్ కార్డు అంతకంటే చల్లగా ఉండటం కల్ల. 1050 నుంచి 1200కు పెంచితే గాలి ఏడో వంతు పెరుగుతుంది, చప్పుడు మూడు డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అంతకంటే ముందు ఒక పరీక్ష చేయండి. గేమ్ అరగంట ఆడాక వేడి ఎంతుందో రాసుకోండి. పక్క తలుపు తీసేసి మళ్లీ అరగంట ఆడండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే క్యాబినెట్‌కు ఊపిరాడటం లేదన్నమాట. ముందు అద్దం తలుపున్న మోడళ్లలో ఇది సాధారణం, ఫిల్టరు కడగండి, ముందుభాగం తెరవండి. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే మీ ఫ్యాన్లు చేయగలిగిందంతా చేస్తున్నాయి, ఆట సాయంత్రానికి మార్చుకోండి. ఇక బావగారి సలహా: కూలర్ గాలిలో తేమ ఉంటుంది, ఒక్కోసారి తుంపరా ఉంటుంది. కూలర్ మీ వైపు తిప్పుకుని, క్యాబినెట్‌ను దాని దారిలోంచి పక్కకు జరపండి.