బోరింగు పడిన పిదప
(గ్రామములలో మంచినీరు, విదేశ ధనసహాయము)

గ్రామమున బోరింగు వేయునాడు జనులందరును గుమిగూడుదురు. లారీపై యంత్రము వచ్చును. రాయి పొడియై పైకి చిమ్మును. సాయంకాలమునకు నీరు పడును. ఆ యంత్రము ఏ దేశపు ధనముతో కొనబడినదో బిందె పట్టుకొని నిలిచిన గృహిణికి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. కాని రెండేండ్లకు ఆ పంపు చెడిపోయినచో దానిని బాగుచేయు భారము ఎవరిదను ప్రశ్న మాత్రము ఆమెకు మిక్కిలి సంబంధించినది. ఈ పాఠమునకు విషయ మదియే.

1966-67 సంవత్సరములలో బీహారున ఘోరమైన అనావృష్టి సంభవించెను. బావులును చెరువులును ఎండిపోయినవి. అప్పుడు ఐక్యరాజ్యసమితి బాలల నిధియగు యూనిసెఫ్, గాలి ఒత్తిడితో గట్టిరాతిని తొలుచు యంత్రములను మన దేశమునకు తెచ్చెను. నేల క్రింద రాయి పరచుకొనియున్న దక్కను పీఠభూమికిని ఈ యంత్రములే ఆధారమయ్యెను. చేతులతో త్రవ్వినచో నెలలు పట్టు లోతునకు ఇవి ఒకటి రెండు దినములలో చేరుచుండెను. వేలకొలది గ్రామములలో బోర్లు పడినవి.

అయితే బోరుపై బిగించిన పంపు సంగతి ఎవరును తగినంతగా ఆలోచింపలేదు. అవి పోతయినుముతో చేసినవి. ఐరోపా, అమెరికా దేశములలో ఒక్కొక్క కుటుంబము వాడుకొను పంపులకు నకళ్లు. మన యూళ్లలో అట్టి పంపును తెల్లవారినది మొదలు చీకటిపడు వరకు వందలమంది కొట్టవలసియుండెను. 1970వ దశకము నడుమ పరిశీలింపగా, ఏ సమయమున చూచినను నాలుగింట మూడు వంతుల వరకు పంపులు పనిచేయుట లేదని తేలినది. యంత్రములకు ధనము వచ్చినది, బోర్లకు ధనము వచ్చినది. నీరు మాత్రము రాలేదు. తల్లులు మరల కుంటనీటికే మరలిరి, పిల్లలకు విరేచనములు మరల పట్టుకొనినవి.

దీనికి పరిష్కారము విదేశమునుండి కాక షోలాపూరు ప్రాంతమునుండి వచ్చుట గమనింపదగినది. అచటి క్రైస్తవ సేవాసంస్థల కార్ఖానాలలో ఉక్కుతో చేసిన గట్టి పంపు ఒకటి వాడుకలో నుండెను. దానినే ఆధారముగ గొని ప్రభుత్వ సంస్థలును యూనిసెఫ్‌ను కలిసి కోయంబత్తూరు ప్రాంతమున పరీక్షలు జరిపి, గొలుసు, బేరింగులు గల "ఇండియా మార్కు 2" పంపును రూపొందించినవి. 1970వ దశకము ముగియకముందే మదరాసులో దాని తయారీ ఆరంభమయ్యెను. పిమ్మట ఆఫ్రికా ఖండమునకును ఈ పంపు పోయినది. గ్రహీతయే మార్గదర్శి యగుట ఇట్టి సహాయ చరిత్రలో అరుదు.

ఈ పంపునకును లోపము లేకపోలేదు. లోపలి తోలు వాషరు అరిగినచో గొట్టములన్నిటిని పైకి లాగవలెను; అందులకు పనిముట్లతో ఒక బృందము బండిలో రావలెను. ఆ బండికి డీజిలు, పనివారికి జీతము, వాషరునకు వెల – ఇవి ప్రతి సంవత్సరము కావలసిన చిన్న మొత్తములు. దాతలు ప్రారంభోత్సవము చేయదగిన పెద్ద పనులకు ధనమిచ్చుటకు ఇష్టపడుదురు గాని, వాషరునకు ప్రారంభోత్సవ మెవరు చేయుదురు? "దాత" యను మాట వాడితిమి గాని, అదియు సరియైన మాట కాదేమో. ఇట్టి సహాయములో కొంత ఉచితముగ వచ్చును; కొంత తీర్పవలసిన ఋణము. తెలుగున దానమనగా తిరిగి అడుగనిది.

తగిన విధముగ ఖర్చుపడిన ధనము ఏమి చేయగలదో నారికురుపు చరిత్ర తెలుపుచున్నది. దిగుడుబావి నీటిలోని సూక్ష్మకీటకములను నీటితోపాటు మ్రింగినవారికి, సుమారు ఏడాదికి కాలినుండి తీగవంటి పురుగు వెడలును. ఆ కాలితో బావిలో దిగినచో రోగబీజము మరల నీటిలో చేరును. దీనికి మందు లేదు. బావి మార్చుటయే మందు. ఆంధ్రప్రదేశమును ఈ రోగపీడిత రాష్ట్రములలో నొకటిగ నుండెను. రాజస్థానమున స్వీడన్, యూనిసెఫ్‌ల సహాయముతో దిగుడుబావులను మార్చి, పంపులు వేసి, గ్రామ స్త్రీలకే మరమ్మతు నేర్పిరి. అన్ని రాష్ట్రములలోను ప్రభుత్వము ఇంటింట రోగులను వెదకించెను. 1996లో చివరి రోగి కనబడెను. 2000లో భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను.

ఇందులకు విరుద్ధమైన ఉదాహరణము బంగ్లాదేశము. కలరా, విరేచనములనుండి ప్రజలను కాపాడుటకై అచట గొట్టపుబావులు విస్తారముగ వేయబడినవి. ఉద్దేశము మంచిదే. కాని నీటిలో పాషాణము, అనగా ఆర్సెనిక్, ఉన్నదేమో యని నాడు పరీక్షింపలేదు. 1993లో అది బయటపడెను. తరువాతి పరిశీలనలో తక్కువ లోతు గొట్టపుబావులలో నూటికి 27 ఆ దేశపు పరిమితిని మించి యున్నట్లు తేలినది. మంచి పంపులకు ఆకుపచ్చ, చెడు పంపులకు ఎఱ్ఱ రంగు పూసిరి. ఎఱ్ఱ పంపు తప్ప దగ్గర వేరొకటి లేని ఇల్లాలు ఏమి చేయవలెను?

మనకును ఈ విషయము క్రొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలను వంచు ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లోనే వర్ణించియుండిరి. నల్లగొండ జిల్లా ప్రజలు దానిని శరీరములతోనే ఎరుగుదురు. ఫ్లోరైడు గల రాతినేలలలో బోరు లోతైన కొలది ముప్పు పెరుగవచ్చును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు త్రాగుటకు తగదు. కాచినను అది పోదు. నీరు తేటగ, తియ్యగ నున్నంత మాత్రమున నమ్మరాదు.

కావున మీ గ్రామమునకు ఏ నిధినుండియైనను పథకము వచ్చినపుడు పంచాయతీ సభలో అడుగవలసినవి ఇవి: నీటిని ఎవరు పరీక్షించిరి? ఫలితము గోడపై వ్రాసిరా? పంపు చెడిన ఎన్ని దినములకు మరమ్మతు జరుగును? ఆ పని నేర్చినవారు మన ఊరిలోనే కలరా? మరుగుదొడ్డి గుంట త్రాగునీటి బోరునకు తగినంత దూరమున నున్నదా? జవాబులను మినిట్సు పుస్తకమున తేదీతో వ్రాయించి, ఒక ప్రతి మీ వద్ద నుంచుకొనుడు.