పళ్లెంలోకి చూడొద్దు పాపా

చౌడేపల్లె

పాపా,

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పుంటే పొడిపొడిగా అయ్యుండేది, అందుకే రాస్తాండా. పక్కనోళ్లకు అవమానం జరుగుతుంటే చూస్తూ కూర్చోకుండా ఏం చేయాలో నేర్పిస్తామని మీ ఆఫీసులో శిక్షణ పెట్టినారంటివి, అది ఉత్త తంతేనా అని అడిగితివి. ఆ మాటల మధ్యలోనే ఇంకో సంగతి జారవిడిచినావు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ టీమ్ లీడరు మణిపూర్ అమ్మాయిని తిండి పేరు పెట్టి ‘మోమో’ అని పిలిచినాడని, అందరూ నవ్వినారని, నువ్వు నవ్వలేదు గానీ పళ్లెంలోకి చూస్తూ తిన్నావని. నాకు ఆ రెండోదే ముఖ్యం అనిపించింది.

మన తెలుగువాళ్లు ఈ విషయంలో మరిచిపోకూడని ఊరు ఒలేతా, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాడసాని అలోక్ అక్కడొక బార్‌లో కూర్చోనుంటే ఒకడొచ్చి ఏ వీసా మీద వచ్చినారని నిలదీసినాడు, మా దేశం వదిలి పొండని తిట్టినాడు. వాణ్ని బయటికి పంపేసినారు. కొంతసేపటికి తుపాకీతో తిరిగొచ్చి కాల్చినాడు. శ్రీనివాస్ పోయినాడు, అలోక్ గాయాలతో బయటపడినాడు. వాళ్లతో ఏ సంబంధమూ లేని ఇయన్ గ్రిల్లట్, 24 ఏళ్ల పిల్లోడు, తూటాలు అయిపోయినాయనుకొని వాడి వెంటపడితే, ఇంకా మిగిలిన గుండు అతని చేతిలోంచి ఛాతీలోకి దిగింది. దేవుడి దయ, బతికినాడు. హ్యూస్టన్‌లోని మనవాళ్లు ఇల్లు కొనుక్కోమని అతనికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చినారు. కాల్చినోడికి మరుసటేడు జీవితఖైదు పడింది.

గ్రిల్లట్ చేసింది మామూలు మనుషులు చేసే పని కాదు, దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేరు. నేర్పకూడదు కూడా. నువ్వు చూడాల్సింది కాల్పులకు ముందు జరిగింది. తిట్లు మొదలవగానే అక్కడున్నవాళ్లు మాకెందుకులే అనుకోలేదు. లేచి వచ్చినారు, వాణ్ని సాగనంపినారు. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు ఈ ఇద్దరి బల్ల దగ్గరికొచ్చి, వాడి మాట మా మాట కాదు, మీరు మావాళ్లే అని చెప్పి పోయినారు. ఎవరో వాళ్ల బిల్లు కూడా కట్టేసినారు. అయినా శ్రీనివాస్ దక్కలేదు కదా అంటావు. నిజమే, దక్కలేదు. పక్కవాళ్లు లేచినంత మాత్రాన చెడ్డోడు మారిపోతాడని నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మొద్దు. తిట్లు తిన్నవాళ్లు మాత్రం ఆ గదిలో ఒంటరిగా లేరు. మీ భోజనాల బల్ల దగ్గర ఆ అమ్మాయికి అదే కరువైంది.

ఎందుకు కరువైందో 1968లోనే బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు చేసి చూపించినారు. గదిలో మనిషిని కూర్చోబెట్టి సందులోంచి పొగ వదిలినారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచిపోయి చెప్పినారు. పొగను పట్టించుకోనట్టు నటించే ఇద్దర్ని పక్కన కూర్చోబెడితే, నూటికి 10 మందే కదిలినారు. పొగ అదే, గది అదే. వాళ్లేమీ దుర్మార్గులు కాదు, పక్కోళ్ల మొహం చూసి తమ కళ్లను తామే నమ్మలేదు. మీ బల్ల దగ్గర నవ్వినవాళ్లలో ముగ్గురికైనా ఆ మాట ముల్లులా గుచ్చుకొనే ఉంటుంది. వాళ్లు నీ మొహం చూస్తే నువ్వు పళ్లెం చూస్తాండావు.

న్యూయార్క్‌లో 2005లో మొదలై ఇప్పుడు రైట్ టు బీ అనే పేరుతో నడిచే సంస్థ ఇలాంటప్పుడు ఏం చేయాలో అయిదు దారులు చెప్తుంది. మీకు నేర్పినవి కూడా దాదాపు అవే అయ్యుంటాయి. నాకు బాగా నచ్చింది మాట మళ్లించడం. పోట్లాట అక్కర్లేదు. ‘మోమో’ అని వాడు అనీ అనగానే ఆ అమ్మాయిని ఆమె పేరు పెట్టి పిలిచి, నిన్నటి ఫైలు సంగతి అడుగు. నవ్వుకు ఊపిరి ఆడదు. రెండోది, అయిపోయినాక ఆమె దగ్గరికి పోవడం. ఇది ఎంత ఆలస్యమైనా చెల్లుతుంది, వారం తర్వాతైనా సరే. మూడోది, ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టుకో, రాసింది ఆమె చేతికియ్యి, ఆమెకు చెప్పకుండా పైకి పంపొద్దు. పెద్దవాళ్లకు చెప్పడం ఇంకోటి. 2013 చట్టం కింద ఆఫీసుల్లో పెట్టిన కమిటీ ఆడవాళ్లపై లైంగిక వేధింపులకు మాత్రమే, ఇలాంటివి హెచ్‌ఆర్ దగ్గరికే పోవాల. ఇక మొహానే అడిగేయడం. అది చివర పెట్టుకో.

ఢిల్లీలో 2014 జనవరిలో అరుణాచల్ పిల్లోడు నిడో తానియాను జుట్టు చూసి ఎగతాళి చేయడంతో మొదలై చివరికి అతని ప్రాణమే పోయింది. ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలవాళ్ల ఇబ్బందులు చూడమని కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. మోమో మాట చిన్నదే కదా అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

ఒక మాట మీ శిక్షణలో చెప్పుండరనుకుంటా, నేను చెప్తా. నీ ‘వస్తాండా, పోతాండా’ విని కోస్తా పిల్లలు నవ్వితే నువ్వు ఇంటికొచ్చి ఎంత ఉడికిపోతివో నాకు గుర్తే. అదే పిల్లలు నీ ఇంటిపేరు అడిగి, దాన్నిబట్టి ఏ కులమోళ్లని కూపీ లాగుతారు చూడు, అప్పుడు ఎవరికీ శిక్షణ గుర్తుకు రాదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. దళిత ఇంజనీరును అగ్రకులాల మేనేజర్లు కులం పేరుతో తక్కువ చేసినారని, అతని కులమేదో తోటి మనవాళ్లకు చెప్పేసినారని ఫిర్యాదు. కంపెనీ కాదంది. 2023లో మేనేజర్ల మీద కేసు వెనక్కి తీసుకొని, కంపెనీ మీద మాత్రం నిలిపినారు. ఆ ఏడే సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. సిస్కో కేసులో నిజమేదో తేల్చడం మన పని కాదు. నాకు తోచేదల్లా ఒకటే, ఎవరి కులమైనా చెవిలో ఊదితే వినేవాళ్లు ఉండబట్టే ఊదుతారు. మన పక్క టీ అంగళ్లలో కులాన్నిబట్టి రెండు రకాల గ్లాసులు అన్నేళ్లు నిలిచింది అంగడాయన ఒక్కడి వల్లే కాదు, బెంచీ మీద కూర్చొని తాగినవాళ్లందరి వల్ల. మీ బెంగళూరు ఆఫీసులో మన తెలుగు జట్టు నిన్ను చెల్లెలా అని పిలుస్తూ కులం ప్రశ్న వేరేవాళ్లను అడిగినప్పుడు మాట మళ్లించు. టీమ్ లీడర్ని ఆపడం కంటే ఇది కష్టం, వాళ్లు మనోళ్లు కాబట్టి.

జీతాల పెంపు కాగితాలు ఈ నెలలోనే తేలతాయి, అంతదాకా ఆగనా అని అడిగితివి. టీమ్ లీడర్ని మొహాన అడిగేది ఆపుకో, తప్పేం లేదు, నీ బతుకూ చూసుకోవాల. మిగతావేవీ ఆపొద్దు, వాటికి జీతంతో పని లేదు. రేపు ఆ అమ్మాయి పక్కన కూర్చొని తిను, ఏం చేయమంటావని ఆమెనే అడుగు. ఏమీ వద్దంటే ఊరుకో, ఆమెకూ జీతం కాగితం ఉంటుంది.

ఇట్లు
మీ పెదనాయన