రెండో దావా ఎందుకు ఆగుతుంది

చార్మినార్, హైదరాబాద్

వంశీ,

ఒకే గొడవ మీద రెండు కోర్టుల్లో రెండు దావాలు పడితే ఏమవుతుందని అడిగావు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని పదో సెక్షన్ నువ్వు చదివే ఉంటావు. అవే పక్షాల మధ్య, అదే విషయం మీద ముందే ఒక దావా నడుస్తుంటే, తరువాత వేసిన దావాలో విచారణ సాగకూడదు. ఆ విషయం ఒకసారి తేలిపోయాక మళ్లీ తేల్చమని అడగకూడదంటుంది పదకొండో సెక్షన్. ఇవి కోర్టు టైం మిగల్చడానికి పెట్టినవని చాలామంది జూనియర్లు అనుకుంటారు. అది పైపై చూపు. ఒకే ఇంటికి వాది ఓనరని ఒక జడ్జి, ప్రతివాది ఓనరని ఇంకో జడ్జి డిక్రీలు ఇచ్చారనుకో. కోర్టు అమీనా ఏ డిక్రీ పట్టుకుని ఆ తలుపు తట్టాలి? ఆ అవస్థ రాకుండా చూడటమే ఈ సెక్షన్ల అసలు పని. అందుకే రెండు ప్లెయింట్లు ఎంత ఒకేలా ఉన్నాయని కొలవడం మొదలుపెట్టకు. మొదటి దావాలో తీర్పు వస్తే రెండో దావాలో ఆ విషయం ముగిసిపోతుందా అని చూడు. బెంగళూరు నిమ్హాన్స్ కేసులో సుప్రీంకోర్టు వాడిన గీటురాయి అదే. అక్కడ ఉద్యోగిని తీసేసిన గొడవ లేబర్ కోర్టుకు వెళ్లింది, నష్టపోయిన సొమ్ము కోసం సంస్థ వేసిన దావా సివిల్ కోర్టులో ఉంది. ఆరోపణ ఒకటే అయినా తేలాల్సినవి వేరు కనుక పదో సెక్షన్ వర్తించదంది కోర్టు.

మన పత్తర్‌గట్టిలో ఒక మల్గీ (దుకాణం) ఉందనుకుందాం. నన్ను జబర్దస్తీగా ఖాళీ చేయించకుండా ఆపండని కిరాయిదారు సిటీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేశాడు. కిరాయి ఎగ్గొట్టాడు, ఖాళీ చేయించండని ఓనరు రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లాడు. బజారు దృష్టిలో ఇది ఒకే గొడవ, కోర్టు దృష్టిలో కాదు. ఓనరు బలప్రయోగం చేయకూడదన్న ఆర్డరు, చట్టప్రకారం ఖాళీ చేయించమన్న ఆర్డరు రెండూ పక్కపక్కనే బతకగలవు. ఇప్పుడు కథ కొంచెం మార్చు. ఈ మల్గీ నాకు అమ్మడానికి ఓనరు అగ్రిమెంటు రాసిచ్చాడు, రిజిస్ట్రేషన్ చేయించండని కిరాయిదారు దావా వేశాడు. ఆ అగ్రిమెంటు ఫోర్జరీ, మల్గీ నాదని ప్రకటించి నాకు అప్పగించండని ఓనరు ఇంకో దావా వేశాడు. కోరికలు వేరే, ప్లెయింట్లు వేరే. అయినా రెండూ ఆ ఒక్క కాగితం నిజమా కాదా అన్న దగ్గరే నిలబడతాయి. ఇక్కడ రెండో దావా ఆగాలి, లేదా రెండింటినీ క్లబ్ చేసి ఒకే జడ్జి ఒకేసారి సాక్ష్యం తీసుకోవాలి. నాకు ఈ రెండో దారే మెరుగనిపిస్తుంది. క్లబ్ చేయడం గురించి కోడ్‌లో ప్రత్యేకంగా ఏమీ రాసి లేదు. 151వ సెక్షన్ కింద కోర్టుకున్న సహజాధికారంతో చేయవచ్చని 2004లో మన విశాఖ వైపు చిట్టివలస జూట్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దావా ఆగడం వేరు, విషయం తేలడం వేరు. ఈ తేడా చూడాలంటే ఇక్కడ హైదరాబాద్ నుంచి లండన్ దాకా నడిచిన నిజాం సొమ్ము కేసు చదువు. 1948 సెప్టెంబరులో, హైదరాబాద్ సంస్థానం కూలుతున్న రోజుల్లో, ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ సంస్థానానికి చెందిన 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహింతూలా పేర వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న ఖాతాకు మళ్లించాడు. నా అనుమతి లేదు, వెనక్కి ఇవ్వండని ఏడో నిజాం కొద్ది రోజుల్లోనే అడిగాడు. 1954లో దావా పడింది. కింది కోర్టు పాకిస్తాన్ మాట విన్నది, అప్పీలు కోర్టు నిజాం మాట విన్నది, 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ మళ్లీ పాకిస్తాన్ వైపే మొగ్గింది. కారణం, పరాయి దేశ ప్రభుత్వాన్ని దాని అంగీకారం లేకుండా ఇంగ్లండు కోర్టుకు ఈడ్చకూడదన్న రక్షణ. సొమ్ము ఎవరిదన్న ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి 2013లో పాకిస్తానే తనంతట తాను బ్యాంకు మీద దావా వేసి ఆ రక్షణ వదులుకున్నప్పుడు, ఇది పాత దావా, చెల్లదని తోసెయ్యడానికి ఆధారం లేకపోయింది. పరిస్థితి ఎదురుతిరుగుతోందని పాకిస్తాన్ దావా వెనక్కి తీసుకోబోతే, 2015లో కోర్టు దాన్ని దుర్వినియోగం అంది. భారత ప్రభుత్వం, నిజాం మనవలు ముకర్రం జా, ముఫఖం జా తమలో తాము రాజీపడి ఒకే వైపు నిలబడ్డారు. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ వాళ్లకే తీర్పిచ్చాడు. సొమ్ము అప్పటికి దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు. మరుసటి ఏడాది కుటుంబంలో మరికొందరు ఆ తీర్పు తిరగదోడమని వస్తే జడ్జి ఒప్పుకోలేదు. 1957లో ఆగిన ప్రశ్నకు తలుపు తెరిచే ఉంది, 2019లో తేలిన ప్రశ్నకు మూతపడింది. అది ఇంగ్లండు చట్టమే అయినా ఈ తేడా మన పదకొండో సెక్షన్‌లోనూ అంతే.

దీనికి రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, ఎవరు ముందు పరిగెత్తితే వాళ్లదే పైచేయి అవుతుందని. అప్పు ఎగ్గొట్టినవాడు నాకు బాకీ లేదని ముందుగా దావా వేసుకుంటే అప్పిచ్చినవాడు వరుసలో వెనక నిలబడాలా? ఇందులో నిజం ఉంది. కానీ పదో సెక్షన్ ఆపేది విచారణనే. ఆగిన దావాలోనూ ఇంజంక్షన్ అడగవచ్చు, రిసీవర్‌ను అడగవచ్చు. బ్యాంకులు 37వ ఆర్డరు కింద వేసే సమ్మరీ దావాలు తొలిదశల్లో ఆగనక్కర్లేదని 1998లో ఇండియన్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో అభ్యంతరం జాప్యం గురించి. మొదటి దావా పదేళ్లు పాకుతుంటే రెండోది దాని వెనకే కుళ్లిపోతుంది. దీనికి పూర్తి మందు నా దగ్గర లేదు. అయినా పరస్పరం కొట్టుకునే రెండు డిక్రీలు చేతికొస్తే ఎగ్జిక్యూషన్‌లోనూ అప్పీళ్లలోనూ అంతకన్నా ఎక్కువ కాలమే పోతుంది. స్టే మీద పోట్లాడేకన్నా 24వ సెక్షన్ కింద బదిలీ అడిగి రెండింటినీ ఒకే కోర్టుకు చేర్చడం మేలు. స్టే కావాలనుకుంటే మాత్రం మొదట్లోనే పిటిషన్ వెయ్యి. పదో సెక్షన్‌ను దాటి వచ్చిన డిక్రీ అంతమాత్రాన చెల్లకుండా పోదు, ఊరుకున్నవాడే నష్టపోతాడు.

రెండో కేసు సంగతి రిట్లలోనూ వస్తుంది. మన హైకోర్టులో వేసే రిట్ అఫిడవిట్ చివర్లో, ఇదే ఉపశమనం కోసం మరే కోర్టులోనూ దావా గానీ రిట్ గానీ వేయలేదని ఒక పేరా ఉంటుంది. గుమాస్తా పాత ఫైలు నుంచి దాన్ని యథాతథంగా దించేస్తాడు. నువ్వు మాత్రం ఆ పేరా టైపు కాకముందే కక్షిదారుణ్ని కూర్చోబెట్టి అడుగు. అతను వేసిన కేసులే కాదు, అతని మీద పడినవీ, అన్నదమ్ములు వేసినవీ, కొట్టేసినవీ అన్నీ అడుగు. ఏదైనా బయటపడితే నంబరుతో సహా మొదటి పేజీలోనే రాయి. దాచి పట్టుబడితే కేసు మంచిచెడ్డలు చూడకుండానే కొట్టేస్తారు.

ఇట్లు,
మీ పెదనాన్న