ధైర్యమిచ్చే వీధి

భద్రత అనగానే మనకు తాళం, ప్రహరీగోడ, పోలీసు ఠాణా గుర్తుకు వస్తాయి. అయితే గట్టి తాళాలున్న ఇంటిలో ఉండి కూడా కొందరు బిక్కుబిక్కుమంటూ గడుపుతారు. మరికొందరు తలుపులు తీసి ఉంచి నిశ్చింతగా కూర్చుంటారు. ఈ భేదానికి కారణమేమిటి?

తిరుపతి నగరానికి నిత్యం వేలాది యాత్రికులు వస్తారు. వారంతా ఆ ఊరికి అపరిచితులే. అయినా గోవిందరాజస్వామి ఆలయ పరిసర వీధులలో నడిచేవారికి అంతగా జంకు కలగదు. పూల అంగళ్లవారు, ఫలహారశాలలవారు తమ పని తాము చేసుకొంటూనే వీధిని గమనిస్తుంటారు. పూర్వం ఇంటి అరుగుమీద కూర్చున్న పెద్దలు చేసిన పనీ ఇదే. అమెరికా రచయిత్రి జేన్ జాకబ్స్ 1961లో వెలువరించిన గ్రంథంలో దీనినే 'వీధిపై కన్నులు' అన్నారు. నేటి కొత్త కాలనీలలో కెమెరాలున్నా, పొరుగింటివారి పేరు తెలియనివారు ఎందరో! జరిగినదానిని కెమెరా చూపగలదు. పిలిస్తే పలికేది పొరుగువారే.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడికి ఒక చిన్నారి బలైంది. అటవీశాఖవారు బోనులు అమర్చి చిరుతలను పట్టారు. దేవస్థానంవారు భక్తులను గుంపులుగా పంపారు. సెప్టెంబరులో చేతికర్రలు ఇచ్చారు. కర్ర చిరుతను ఆపగలదా అని కొందరు ప్రశ్నించారు. ఆ ప్రశ్న సహేతుకమే. కాని ఒంటరివాడి కర్రకంటె పదిమంది తోడు మనిషికి ఎక్కువ ధైర్యమిస్తుందనుటలో సందేహం లేదు.

ఒకే వీధి అందరికీ ఒకేవిధంగా కనిపించదు. వెలగని వీధిదీపం ఒకరికి చిన్న అసౌకర్యం మాత్రమే. సాయంత్రం తరగతులు ముగించుకొని ఒంటరిగా వచ్చే విద్యార్థినికి అదే పెద్ద అడ్డంకి. భయపడిన తల్లిదండ్రులు ఆమె చదువునే మాన్పించవచ్చు. కనుక వీధిదీపం వెలిగించడం కూడా విద్యాదానమే.

ఆపదలో 112కు ఫోను చేయవచ్చునని తెలిస్తే చాలదు. చెప్పుకొంటే వింటారనే నమ్మకం కూడా ఉండాలి. వెలుతురు, జనసంచారం, పరిచయం, నమ్మకం - ఈ నాలుగూ కలిసినప్పుడే వీధి మనదవుతుంది. వీటిలో పరిచయాన్ని పెంచుకోవడం మన చేతిలోనే ఉంది. ఈ సాయంత్రమే పొరుగింటివారిని పలకరిద్దాం.

ప్రశ్నలు

1. 'వీధిపై కన్నులు' అనే భావాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. మీ వీధిలో భయం కలిగించే అంశాలేవి? వాటిని తొలగించే మార్గాలను తెలపండి.