గైడ్‌లో ఆ కాలేజీ పేరూ ఉండాలి

హైదరాబాద్‌లో చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిస్తే ఇంటర్ కాలేజీలు, బ్యాంకు పరీక్షల కోచింగులు, సాఫ్ట్‌వేర్ కోర్సులు, అమెరికా చదువుల కన్సల్టెన్సీల బోర్డులే దారి పొడవునా. లోపలికి వెళ్లి అడిగితే తరచూ వినపడే మాట ‘మాకు గుర్తింపు ఉంది’. ఎవరి గుర్తింపు, దేనికి అన్న దగ్గరే చిక్కంతా. డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం నుంచి రావాలి, అది ఒకటి. కాలేజీకి ఏ యూనివర్సిటీతోనో ఇంటర్ బోర్డుతోనో అనుబంధం ఉండాలి, అది రెండోది. బయటివాళ్లు వచ్చి చదువు నాణ్యతను పరిశీలించాక న్యాక్, ఎన్‌బీఏ వంటి సంస్థలు ఇచ్చే అక్రెడిటేషన్ మూడోది. మన దేశంలో మొదటిది లేకపోతే పట్టా చెల్లదు, మూడోది లేకున్నా చెల్లుతుంది. మూడింటినీ మనం ‘గుర్తింపు’ అనే పిలుస్తాం కాబట్టి, తల్లిదండ్రులు దేనికి డబ్బు కడుతున్నారో వాళ్లకే తెలియకుండా పోతోంది.

అడ్మిషన్ల కాలంలో వచ్చే కాలేజీ గైడ్లు చాలావరకు అక్రెడిటేషన్ లేని సంస్థలను వదిలేస్తాయి. చెడ్డదాన్ని ప్రచారం చేయకూడదన్న మంచి ఉద్దేశమే అది. కానీ పిల్లలకు దానివల్ల రక్షణ దొరకడం లేదు. గైడ్ చెప్పని సంస్థ గురించి చెప్పడానికి ఇక మిగిలేది కమీషన్ తీసుకునే ఏజెంటే. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ సంగతి చూడండి. 2011 జనవరిలో అధికారులు సోదా చేసేనాటికి అక్కడ పేరు నమోదైన దాదాపు 1,500 మందిలో అత్యధికులు భారతీయులు, అందులోనూ చాలామంది తెలుగువాళ్లు. సగానికి పైగా విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్. దానికి అక్రెడిటేషన్ లేదు, అయినా విదేశీ విద్యార్థులకు వీసాకు కావాల్సిన ఐ-20 పత్రాలిచ్చే అనుమతి అమెరికా ప్రభుత్వం నుంచే వచ్చింది. ‘ప్రభుత్వ అనుమతి ఉంది’ అన్న మాట అక్షరాలా నిజం కావడంతోనే మోసం సులువైంది. ఆ అనుమతి సంపాదించిందీ తప్పుడు పత్రాలతోనే. వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కొందరు విద్యార్థుల కాలికి నిఘా పరికరాలు తగిలించారు. ‘ఐ-20 ఇస్తుంది, అక్రెడిటేషన్ లేదు’ అని పేరు పక్కనే ఒక్క వాక్యం అచ్చయి ఉంటే, కనీసం అడగాల్సిన ప్రశ్న ఏమిటో ఆ ఇళ్లకు తెలిసేది.

పేరు అచ్చయితే చాలు, ఆ పేజీ ఫొటో తీసి ఏజెంటు వాట్సాప్‌లో తిప్పుతాడని మొదటి అభ్యంతరం. ఇది తీసిపారేయదగ్గది కాదు. అందుకే హెచ్చరికను చివరి పేజీలోనో చిన్న అక్షరాల్లోనో పెట్టకూడదు. పేరున్న వరుసలోనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ సంస్థ ప్రకటనలు అదే గైడ్‌లో వేయకూడదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) చేస్తున్నదీ ఇలాంటి పనే. యూజీసీ చట్టం, 1956 ప్రకారం చట్టబద్ధంగా ఏర్పడ్డ యూనివర్సిటీలు, డీమ్డ్ హోదా పొందినవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చినవి మాత్రమే డిగ్రీలివ్వాలి. ఆ అధికారం లేనివాటి పేర్లను యూజీసీ బహిరంగంగా ప్రకటిస్తుంది. గుంటూరు క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖపట్నం బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా ఆ జాబితాలోకి ఎక్కినవే. పేరు చెబితే విలువ పెరుగుతుందనుకుంటే ఈ జాబితాయే ఉండేది కాదు. పైగా ఆ చట్టంలోని జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. శిక్ష అంత తక్కువైనచోట జనానికి తెలియడమే అసలు అడ్డుకట్ట.

రెండో అభ్యంతరం కొత్త కాలేజీల నుంచి వస్తుంది, అందులో న్యాయం ఉంది. రెండు బ్యాచ్‌లు బయటికి రావాలి, లేదా ఆరేళ్లు నిండాలి, సాధారణంగా అప్పుడే న్యాక్ అక్రెడిటేషన్ దరఖాస్తుకు అర్హత. నిజాయతీగా నడిచే మూడేళ్ల కాలేజీని దొంగ యూనివర్సిటీతో ఒకే గాట కట్టడం అన్యాయం. అసలు వదిలేయడం వల్ల జరుగుతున్నదీ ఆ అన్యాయమే, గైడ్‌లో కనపడనివన్నీ పాఠకుడికి ఒకేలా కనిపిస్తాయి. ‘అనుబంధం ఉంది, న్యాక్‌కు ఇంకా గడువు రాలేదు’ అని రాస్తే దాని మర్యాద నిలుస్తుంది.

ఇక జాబితాలో ఉన్నదల్లా మంచిదేనా? అమెరికా అధికారులే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు 2019 జనవరిలో బయటపడింది. దాని పేరు ఒక అక్రెడిటేషన్ సంస్థ జాబితాలో కనిపించేది, ప్రభుత్వమే అలా పెట్టించింది. అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థకే గుర్తింపు పోయిన సందర్భమూ ఉంది. అమెరికాలోని ఏసీఐసీఎస్ అనే అక్రెడిటేషన్ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు 2016లో పోయింది, 2018లో తిరిగొచ్చింది, 2022లో పూర్తిగా పోయింది. కాబట్టి గైడ్ రాసే ప్రతి వరుసలో తేదీ ఉండాలి, ఆ పట్టాతో ఏమొస్తుందో ఏం రాదో ఉండాలి. అక్రెడిటేషన్ లేని చోట చదివితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు దొరికే 24 నెలల అదనపు ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి, రాదు. అమెరికా మాస్టర్స్ వాళ్లకు కేటాయించే 20,000 హెచ్-1బీ వీసాల కోటాకు అక్రెడిటేషన్‌తో పాటు ఆ యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థో లాభాపేక్ష లేనిదో అయి ఉండాలి. ఈ రెండో షరతు గురించి చాలా కన్సల్టెన్సీలు నోరెత్తి చెప్పవు.

అమెరికా దూరం అనుకునేవాళ్లకు ఇంటర్ దగ్గరే ఉంది. అనుబంధం లేని క్యాంపస్‌లో పాఠాలు విని, ఫీజు అక్కడే కట్టి, పరీక్షకు మాత్రం వేరే కాలేజీ పేరుతో హాల్‌టికెట్ అందుకునే పిల్లలున్నారు. ఇంటర్ బోర్డు అనుబంధ కాలేజీల జాబితాను ఏటా వెబ్‌సైట్‌లో పెడుతుంది. స్థానిక గైడ్ ఆ జాబితాను మళ్లీ అచ్చేస్తే సరిపోదు. చైతన్యపురి, కొత్తపేట, ఎల్‌బీ నగర్‌లలో బోర్డు పెట్టుకున్న ప్రతి క్యాంపస్ పేరూ వేసి, ఈ ఏడాదికి అనుబంధం ఉందా, ఆ భవనం చిరునామాకేనా, రసీదు మీద ఏ కాలేజీ పేరు పడుతుంది అన్న మూడు వివరాలు ఎదురుగా రాయాలి. జవాబివ్వని కాలేజీ ఎదుట ‘జవాబివ్వలేదు’ అని వేయాలి.