ప్రశ్నలు - జవాబులు: డ్యూటీ దిగాక పాట

ప్రశ్న: జిల్లా ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చినా మానిటర్ల బీప్ చెవుల్లోనే ఉంటోంది. నిద్ర పట్టదు, పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నాను. వారానికోసారి జూమ్‌లో మ్యూజిక్ థెరపీ ఉంది, చేరమంటున్నారు. నాకు పాడటం రాదు. ఒకసారి చేరితే, అందరం కలిసి పాడేసరికి అంతా గందరగోళమైంది. మళ్లీ వెళ్లమంటారా?
– ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: వెళ్లండమ్మా. ఇది సంగీతం క్లాసు కాదు, పాడటం రాకపోయినా ఫరవాలేదు. ఆ గందరగోళం మీ వల్ల వచ్చింది కాదు. ఇంటర్నెట్‌లో ఒకరి గొంతు మరొకరికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. సెకనులో పదో వంతు తేడా వచ్చినా తాళం తప్పుతుంది. అందుకే అందరి మైకులూ ఆపించి, థెరపిస్టు ఒక్కరే పాడుతుంటే ఎవరింట్లో వాళ్లు గొంతు కలపాలి. అప్పుడు మీ పాట వినేది మీరొక్కరే. తంబురా తెగి తెగి వినిపిస్తుంటే, జూమ్ దాన్ని అనవసరపు చప్పుడనుకుని తీసేస్తోందన్నమాట. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోమని థెరపిస్టుకు చెప్పండి.

నెమ్మదైన పాటలో ఊపిరి తీసుకునేది కొంచెం, వదిలేది చాలాసేపు. దాంతో గుండె వేగం నెమ్మదిస్తుంది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది పాట తర్వాత వచ్చే మాట. చేతుల్లో పోయిన పేషెంటు గురించి ఇంట్లో చెప్పుకోలేనిది, అదే డ్యూటీ చేసేవాళ్ల ముందు బయటికొస్తుంది. కాబట్టి ముందే రెండు సంగతులు అడగండి: రికార్డు చేస్తారా, పై అధికారులు ఆ గ్రూపులో ఉంటారా? ఏ ఒక్కదానికి అవునన్నా అక్కడ ఎవరూ నోరు విప్పరు. సెషన్ డ్యూటీ వేళల్లోనే పెట్టమనండి. నైట్ చేసొచ్చిన మనిషిని నిద్ర మానుకుని రమ్మనడం అన్యాయం.

ఇలా పని ఒత్తిడితో అలసి డీలాపడటాన్ని ‘బర్నవుట్’ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట పట్టించుకోకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల వచ్చేదంది. అంటే బాధ్యత ఆసుపత్రిదీ. ఇద్దరు నర్సుల పని ఒకరికి అప్పగిస్తూ పాటతో సరిపెడితే ఒప్పుకోకండి.

నిద్రలేమి ఇలాగే సాగినా, బతుకు మీద విరక్తి కలిగినా సైకియాట్రిస్టును కలవండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్‌ని. బీపీ ఉంది. యూట్యూబ్‌లో రాగాలు వింటే చాలదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: హాయిగా ఉంటే రోజూ వినండి. కానీ థెరపీ అంటే శిక్షణ పొందిన మనిషి మీ ముఖం చూసి, మాట విని, దాన్నిబట్టి పాట మార్చడం. ఆ పని వీడియో చేయలేదు. ఫలానా రాగం బీపీని నయం చేస్తుందని ఎవరు చెప్పినా, డాక్టరు రాసిన మాత్ర మాత్రం మానకండి.