ధరలు దిగాయట, మా చీటీ దిగలేదే!
ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక ధరల మీదే. తిట్లు మాత్రమే ఉన్నవి పక్కన పెట్టాను. తిట్లతో పాటు ప్రశ్న కూడా ఉన్నవి ఇవి. చోటు చాలక తిట్లు కొన్ని కత్తిరించాను, మన్నించండి.

ప్రశ్న: మావారు రిటైరైన లెక్కల మాస్టారు. ద్రవ్యోల్బణం ఎన్నడూ లేనంతగా తగ్గిందని పేపర్లో వస్తే కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించారు. నేనూ ఊరుకోలేదు, దాని పక్కనే కిరాణా చీటీ అంటించాను. మూడేళ్ల కిందట నెల సరుకులు నాలుగు వేలలో వచ్చేవి. ఇప్పుడు అవే సరుకులు ఐదున్నర వేలకు తక్కువ రావడం లేదు. ఆయనేమో "అంకెలు అబద్ధం చెప్పవే" అంటారు. మరి నా చీటీ అబద్ధమా? - ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మాస్టారు అంటించిన అంకె నిజమే. 2025 అక్టోబరులో దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా ఆ సూచీ మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. అదే ఏడాది జూన్‌లో తెలంగాణలోనైతే సున్నా కన్నా కిందికి పోయింది.

మీ చీటీ కూడా నిజమే. ఏడాది కిందటితో పోలిస్తే ఈ నెల ధర ఎంత పెరిగిందో, అంతవరకే ఆ అంకె చెబుతుంది. అంతకు ముందు పెరిగినదాని ఊసెత్తదు. 2022 ఏప్రిల్‌లో 7.79 శాతం, 2023 జులైలో 7.44, 2024 అక్టోబరులో 6.21... ఇవన్నీ వచ్చి ధరల్లో కలిసిపోయి కూర్చున్నాయి, ఒక్కటీ వెనక్కి పోలేదు. 2012లో వంద రూపాయలకు వచ్చిన బుట్ట 2025 అక్టోబరుకు దాదాపు 197 రూపాయలైంది. మెట్లెక్కి పైన ఆగినవాణ్ణి చూపించి "దిగాడు" అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇంకో సంగతి. ఆ నెల అంకెను కిందికి లాగినవి ముఖ్యంగా కూరగాయలు. ఏడాదిలో 27 శాతానికి పైగా దిగాయి. అదే నెలలో నూనెలు, కొవ్వులు 11 శాతం దాకా పెరిగే ఉన్నాయి. మీ కూరగాయల సంచి చవకైన ఆ రోజుల్లోనే కర్నూలు ఉల్లి రైతు కోత కూలి కూడా గిట్టక పంట పొలంలోనే వదిలేశాడు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ముందుకు రావాల్సి వచ్చింది. ఢిల్లీలో చప్పట్లు కొట్టించుకున్న అంకెలో ఆ రైతు నష్టం కూడా ఉంది. మాస్టారు అంటించిన కత్తిరింపులో ఆ ముక్క ఉండి ఉండదు.

పైగా ఆ బుట్ట మీ బుట్ట కాదు. 2011-12లో దేశం మొత్తం మీద ఇంటి ఖర్చులు అడిగి కట్టిన లెక్క అది. అందులో చదువుల వాటా నాలుగున్నర శాతం లోపే. ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే మీ వీధిలో ఎవరినైనా అడగండి, ఫీజులు జీతంలో నాలుగున్నర శాతమేనా అని! పల్లెల్లో ఇంటి అద్దెనైతే ఆ సూచీలో లెక్కే పెట్టలేదు. 2026లో 2024 ఆధారంగా కొత్త సూచీ వచ్చింది కాబట్టి ఇలాంటి లోట్లు కొన్ని తీరతాయి.

తగువు తీరే దారి ఒకటి చెబుతాను. ఆయన లెక్కల మాస్టారే కదా, మీ ఇంటి ద్రవ్యోల్బణం ఆయన్నే కట్టమనండి. బియ్యం, కందిపప్పు, నూనె, పాలు, గ్యాస్, కరెంటు, బీపీ మాత్రలు, ఫోన్ రీఛార్జి, పనమ్మాయి జీతం... పాత చీటీలు తీసి నాటి ధర ఒక వైపు, నేటి ధర ఒక వైపు రాసి, దేనికెంత ఖర్చవుతుందో ఆ వాటాతో గుణించాలి. ఒక మధ్యాహ్నం పని. వచ్చిన అంకెను కూడా ఫ్రిజ్ మీదే అంటించండి.

ప్రశ్న: సార్, కాకినాడలో బండి మీద పార్సిళ్లు వేస్తాను. రోజుకు రెండు లీటర్ల పెట్రోలు. ఖాళీ దొరికితే యానాం పోయి ట్యాంకు నింపుకొస్తాను. లీటరుకు పది రూపాయలకు పైనే తేడా. అదే గోదావరి, అదే కంపెనీ బంకు, ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఎవర్ని తిట్టుకోవాలి? - ఒక డెలివరీ కుర్రాడు, కాకినాడ

జవాబు: తమ్ముడూ, ముందు నీ లెక్క చూద్దాం. కాకినాడ నుంచి యానాం పోయి రావడానికి దగ్గర దగ్గర అరవై కిలోమీటర్లు. నీ బండి లీటరుకు 45 ఇస్తుందనుకున్నా, లీటరుకు పైనే అక్కడికి పోయి రావడానికే కాలిపోతుంది. పది లీటర్ల మీద నువ్వు మిగుల్చుకునేది కూడా ఇంచుమించు అంతే. ఆ వైపు పార్సిల్ పడిన రోజున నింపుకో, దానికోసమే పోకు.

ఇక తిట్ల సంగతి. 2025 నాటి లెక్క చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు అదనం, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడి వ్యాట్ తక్కువ. నువ్వు చూస్తున్న తేడా ఇదే, కాబట్టి ఈ పద్దులో మొదటి తిట్టు రాష్ట్రానికే.

కానీ అక్కడితో ఆగిపోతే ఢిల్లీ చల్లగా జారుకుంటుంది. కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకంలో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన అసలు సుంకం 2021 ఫిబ్రవరి నుంచి లీటరుకు రూపాయి నలభై పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకాలు. వాటిలో రాష్ట్రాలకు పైసా రాదు. "కేంద్రం మాకు వాటా ఇవ్వడం లేదు" అని రాష్ట్రం అన్నా, "రాష్ట్రం వ్యాట్ తగ్గించడం లేదు" అని కేంద్రం అన్నా రెండూ నిజాలే. అందుకే ఇద్దరూ అంత ధీమాగా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. 2021 నవంబరులో, 2022 మేలో కేంద్రం పెట్రోలు మీద కలిపి 13 రూపాయలు తగ్గించింది. ఆ రెండుసార్లూ రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వ్యాట్ రేటు కదపలేదు. 2025 ఏప్రిల్‌లో ప్రపంచ మార్కెట్లో ముడిచమురు ధర పడిపోయింది. కేంద్రం అప్పుడు సుంకం 2 రూపాయలు పెంచింది. బంకులో ధర మారలేదు కాబట్టి ఎవరూ గోల చెయ్యలేదు. నీకు తగ్గాల్సిన రెండు రూపాయలు అలా ఖజానాకు పోయాయి.

జీఎస్టీలో కలిపితే అని అడుగుతావేమో. 2021 సెప్టెంబరులో లక్నోలో జీఎస్టీ మండలి కూర్చుని, ఇది సమయం కాదని లేచింది. ఆ ఒక్క విషయంలో అన్ని పార్టీల ఆర్థిక మంత్రులదీ ఒకటే మాట.

ప్రశ్న: నాకు ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది. 2024 సెప్టెంబరులో నూనెల దిగుమతి మీద సుంకం పెంచారు, మాకు గెలల రేటు పెరిగింది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, వారం తిరక్కుండా నూనె ప్యాకెట్ ఇరవై రూపాయలు ఎక్కింది, నీకేమో సంబరం" అని తగులుకుంది. రైతు బతకొద్దా? - ఒక రైతు, అశ్వారావుపేట

జవాబు: బతకాలి, బాబాయ్. మనం తినే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. పామాయిల్ ఇండోనేసియా, మలేసియాల నుంచి, పొద్దుతిరుగుడు రష్యా, ఉక్రెయిన్ల నుంచి. సుంకం లేకుండా దాన్ని దించుకుంటే అశ్వారావుపేటలో మొక్క నాటేవాడే ఉండడు. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. ఆ ఏడాది చివరికి మీ టన్ను గెలల ధర 20 వేలు దాటింది. అది మీకు న్యాయంగా రావాల్సిందే.

అయితే అమ్మాయి కోపంలో ఒక మంచి ప్రశ్న దాగి ఉంది. సుంకం పెంచిన నాటికి పాత సుంకం మీద దిగిన నూనె దేశంలో దాదాపు 30 లక్షల టన్నులు నిల్వ ఉంది. అది అయిపోయేదాకా ధర పెంచొద్దని కేంద్రం కంపెనీలను కోరింది. కోరింది అంతే! దసరా ముందు షాపుల్లో ధర పెరిగిపోయింది. పాత సరుకు మీద కొత్త ధర వేసి అమ్మిన ఆ ఇరవై రూపాయల్లో మీ తోటకు ఒక్క పైసా రాలేదు. అది మధ్యవాళ్ల జేబులోకి పోయింది. మీరూ అమ్మాయీ కలిసి అడగాల్సింది దాని గురించి.

మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. 2025 మే 30న ముడి నూనెల మీద మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించేశారు. మొక్క నాటితే గెల కోతకొచ్చేసరికి నాలుగేళ్లు పడుతుంది. సుంకం తొమ్మిది నెలల్లో ఎక్కి దిగింది. 2021లో మొదలైన ఆయిల్ పామ్ మిషన్‌లో ధర పడిపోతే తేడా చెల్లించే ఏర్పాటు ఉంది. మీ కోపం అమ్మాయి మీద కాక ఆ తేడా ఎప్పుడు లెక్కగడతారన్న దాని మీద పెట్టండి. అమ్మాయికి నా మాటగా ఒకటి చెప్పండి: నూనె ప్యాకెట్లన్నీ ఇప్పుడు లీటరు కావు, రకరకాల కొలతల్లో వస్తున్నాయి. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో గ్రాముకో, మిల్లీలీటరుకో ధర వేసి ఉంటుంది. కొనేటప్పుడు పెద్ద అంకెను వదిలేసి దాన్ని చూడమనండి.

ప్రశ్న: బియ్యం బస్తా 25 కిలోలుండేది. ఇప్పుడు 26 అంటున్నారు. కిలో ఎక్కువివ్వడంలో మతలబేమిటి? - మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: మిల్లుల ఊళ్లో ఉండి నన్నడుగుతున్నారా! 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. 26 కిలోలైతే పడదు. మతలబు అంతే, ఆ కిలోకూ మీరు డబ్బు కడుతున్నారు. ఇందులో నాకు నచ్చనిదొకటి ఉంది. ఒక్కసారిగా బస్తా డబ్బులు పెట్టగలిగినవాడు పన్ను తప్పించుకుంటాడు. వారం కూలితో ఐదు కిలోల సంచి కొనేవాడు పన్ను కడతాడు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గించినప్పుడు సబ్బు, టూత్‌పేస్టు 18 నుంచి 5కి దిగాయి, ప్యాకెట్ పనీరుకు పన్ను పూర్తిగా పోయింది. ఐదు కిలోల బియ్యం సంచికి పోలేదు. ఆ మండలిలో మన రెండు రాష్ట్రాల మంత్రులకూ ఓటుంది, ఊరికి వచ్చినప్పుడు అడగండి.

ప్రశ్న: ఒంగోలులో ఈ అద్దె ఇంట్లో దిగి ఏడాది కాలేదు. కరెంటు బిల్లులో "ట్రూ అప్" అని ఒక పద్దు కనబడింది. అడిగితే 2022-23లో కాల్చిన కరెంటుదట. అప్పుడు నేను చీరాలలో ఉన్నాను! ఎవరో వేసుకున్న ఏసీకి నేను కట్టాలా? - ఒక ప్రైవేటు ఉద్యోగి

జవాబు: మీరు కట్టక్కర్లేదనే నేనంటాను, కానీ డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఒప్పుకోదు. దానికి మీటరే మనిషి. కరెంటు కొనడానికి అనుకున్న దానికన్నా ఎక్కువ ఖర్చయిందని డిస్కంలు లెక్క చూపిస్తాయి. నియంత్రణ మండలి, అంటే ఏపీఈఆర్‌సీ, ఒప్పుకున్నంత మేర తర్వాతి బిల్లుల్లో వసూలు చేస్తాయి. 2022-23కి ఆరు వేల కోట్లకు పైగా, 2023-24కి తొమ్మిది వేల కోట్లకు పైగా ఇలాగే మన మీద పడ్డాయి. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు వెనక్కి ఇచ్చే "ట్రూ డౌన్" కూడా వచ్చింది. అది చాలామంది కంట పడలేదు, అంత చిన్నది.

ఇంటి యజమానితో మాట్లాడండి. పాత వాడకం బాకీ మీటరు సొంతదారుది కావడం న్యాయం. ఆయన వినకపోతే తదుపరి అద్దె ఒప్పందంలో ఆ వాక్యం రాయించుకోండి.

రాజకీయం సంగతి అడగలేదు కానీ చెబుతాను. 2022లో తెలుగుదేశం "బాదుడే బాదుడు" అంటూ ఊరూరా తిరిగింది. 2024 డిసెంబరులో వైఎస్సార్ కాంగ్రెస్ కరెంటు పోరుబాట పట్టింది. జెండాలు మారాయి, బిల్లు వచ్చే తేదీ మారలేదు. ఊరేగింపుల కన్నా పని చేసేది ఇంకొకటుంది, అక్కడ జనం కనబడరు. డిస్కంలు వచ్చే ఏడాది లెక్కల్ని ఏటా నవంబరు చివరికల్లా మండలికి ఇస్తాయి. వాటి మీద ఎవరైనా, తెలుగులోనే, అభ్యంతరం రాయొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. "వాడినవాడు వెళ్లిపోయాడు, కట్టేది నేను" అన్న మీ ముక్క అక్కడ రికార్డులోకి ఎక్కితే, దానికి జవాబు రాయక డిస్కంకు తప్పదు.

ప్రశ్న: ప్రైవేటు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి 2013లో దిగిపోయాను. పీఎఫ్ పెన్షన్ 1,940 రూపాయలు. పక్కింటాయన సర్కారు బళ్లో చేశారు. ఆయనకు డీఏ పెరుగుతూ ఉంటుంది. ఇద్దరం ఒకే కొట్లో ఒకే ధరకు కందిపప్పు కొంటాం. నాకెందుకు పెరగదు? - తణుకు పెద్దాయన

జవాబు: అయ్యా, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మీదే. ధరల సూచీ కదిలితే కేంద్ర ఉద్యోగికి ఏటా జనవరిలో, జులైలో డీఏ కదులుతుంది. మీ ఈపీఎస్-95 పెన్షన్‌కు ధరలతో లంకె లేదు. అందులో కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలు చేశారు, అక్కడే ఆగింది. జీతంలో కోయించుకోకపోయినా ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000 అయింది. అది తప్పని నేననను. జీతంలో కోయించుకుని మరీ దాచుకున్నవాడికి అందులో సగం కూడా రాకపోవడమే తప్పు. ధరలు అందరికీ పెరుగుతాయి, పరిహారం మాత్రం కొందరికే దొరుకుతుంది. జనం కోపంలో అసలు సెగ ఇక్కడే ఉందని నా ఉద్దేశం. పక్కింటాయన మీద కోపం పెట్టుకోకండి, ఆయన దగ్గర రాని డీఏ బకాయిల కాగితాలు ఒక కట్ట ఉంటుంది.

చేతనైనవి కొన్ని. మీకు 70 నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు వస్తుంది. కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు, 2024 అక్టోబరు నుంచి ఉంది. బీపీ, షుగరు మందులు జన ఔషధి దుకాణంలో కొనండి, నెల తిరిగేసరికి తేడా చేతిలో కనిపిస్తుంది. జీవన్ ప్రమాణ్ పత్రం నవంబరులోనే ఇవ్వాలని మీకు నియమం లేదు, ఏ నెలలో ఇచ్చినా అక్కణ్ణుంచి ఏడాది చెల్లుతుంది.

పెన్షన్ పెంచే అధికారం మాత్రం రాష్ట్రానిది కాదు, కేంద్రానిది. 7,500 చేయాలని పింఛనుదారుల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. మీ ఎంపీకి ఒక కార్డు రాయండి. 2013లో అందుకున్న మొదటి పెన్షన్ ఎంతో, ఈ నెల బ్యాంకులో పడింది ఎంతో పక్కపక్కన వేయండి. రెండూ ఒకటే అంకె కాబట్టి వివరణ రాసే శ్రమ మీకు తప్పుతుంది.